నీళ్లు తగలని సగం

సోమవారం, మధ్యాహ్నం

అక్కా,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నీ కుట్టు షాపుకి ఎందుకు వచ్చిందా అని కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఇంటి అడ్రసు రాస్తే ముందు బావ చేతిలో పడుతుంది. ఆయన పరాయి ఉత్తరం చదివే మనిషి కాదని తెలిసినా నాకు ధైర్యం చాల్లేదు. ఫోన్లో చెబుదామని ఈ వారం రోజుల్లో మూడుసార్లు చేశాను. మూడుసార్లూ నువ్వు "ఏంటే తొందరా, మళ్లీ ఏం విరగ్గొట్టావు?" అన్నావు. నేను నవ్వేసి పిల్లల పరీక్షల గురించి అడిగి పెట్టేశాను. నా నోటికి అబద్ధం బాగా అలవాటైపోయిందక్కా. చేతికి ఇంకా కాలేదేమో అన్న ఆశతో కలం పట్టాను.

నిన్న నువ్వు బావ చాదస్తం గురించి చెప్పావు కదా. అలమారలోంచి తీసిన శుభ్రమైన గ్లాసుని కూడా రెండుసార్లు కడిగితే గానీ నీళ్లు తాగడని, మోటార్లు బాగుచేసే షాపులో స్పానర్లు కూడా సబ్బు పెట్టి కడుగుతుంటే ఓనరు "ఇది రిపేరు షాపా, స్నానాల గదా?" అన్నాడని. వయసు పైబడిందిలే అని నువ్వు నవ్వావు, నేనూ నవ్వాను. ఫోన్ పెట్టాక మాత్రం అన్నం ముద్ద దిగలేదు. ఆయన ఆ మోటార్ల షాపులో ఎందుకు ఉన్నాడో నాకు తెలుసు కాబట్టి.

శుక్రవారం మా ఆఫీసులో మట్టి పెట్టెలు దాచే పాత స్టోరు ఖాళీ చేస్తున్నారు. పారేయాల్సిన పెట్టెల జాబితా గోడకి అంటించారు. అందులో ఇరవై మూడోది బావ ఇక్కడ పనిచేసినప్పుడు తీసిన ఆఖరి మట్టి పెట్టె. నీకు ఇదంతా "ఆ మట్టి గోల నాకొద్దు" అనిపిస్తుందని తెలుసు. ఈ ఒక్కసారికి విసుక్కోకుండా చదువు. మట్టి సంగతి తెలియకపోతే నేను చేసింది ఏమిటో నీకు అర్థం కాదు.

మేం మట్టి తెచ్చే ఉప్పు చెరువుని నువ్వు ఒక్కసారే చూశావు. చెప్పులు తెల్లబడ్డాయని వారం రోజులు సణిగావు. ఆ నీళ్లు సముద్రం కన్నా ఉప్పన, నిమ్మరసం అంత పులుపు. అంత పుల్లటి నీళ్లు చుట్టుపక్కల రాళ్లలో ఉన్న ఇనుముని కరిగించి తమలో కలిపేసుకుంటాయి. కరిగిన ఇనుము కంటికి కనిపించదు, నీళ్లు పలచటి టీ రంగులో ఉంటాయి అంతే. ఎండాకాలంలో చెరువు ఎండి పైన ఉప్పు పేరుకుంటుంది. అడుగు మట్టిలో మాత్రం ఆ నీళ్లు అలాగే ఉండి చిక్కబడతాయి. వాన పడితే మంచినీళ్లు ఇంకి అక్కడక్కడ పులుపు విరుగుతుంది. పులుపు విరిగిన నీళ్లు ఇనుముని ఇక మోయలేవు, మట్టి రేణువుల సందుల్లోనే ఎర్రగా దించేస్తాయి. ఒకచోట చుక్కంత దిగితే తర్వాత వచ్చేదంతా దానికే అంటుకుంటుంది. ఎండా వానా మారేకొద్దీ ఆ చుక్క పెరిగి గుండ్రటి గుళిక అవుతుంది. బావ వాటిని ఇనుప మిరియాలు అనేవాడు. చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి, కొంచెం ఎరుపు ఎక్కువ.

ఇందులో ఒక్క సంగతి గుర్తు పెట్టుకో. ఆ గుళిక మట్టిని పక్కకి నెట్టి పెరగదు, సందులు నింపుకుంటూ పెరుగుతుంది. అందుకే అక్కడే పుట్టిన గుళికని కోస్తే మట్టి పొరలు దాని లోపలి నుంచి కూడా వరస తప్పకుండా పోతాయి. రూళ్ల కాగితం మీద సిరా బొట్టు పడితే బొట్టులోంచి కూడా గీతలు కనిపిస్తాయి చూడు, అలా. బయటి నుంచి తెచ్చి గుచ్చిందైతే చుట్టూ పొరలు చెదిరి ఉంటాయి.

బావ ఆ చెరువులో ఒక గుర్తు కర్ర పాతి, పక్కనే పొడవాటి గొట్టం దించి మట్టి తీశాడు. ఒక్క గుళిక లేదు. ఎవరి కాలైనా దిగబడుతుందని ఆ గుంతని తెల్ల ఇసుకతో పూడ్చి వచ్చాడు. అలా పూడ్చేది మా వాళ్లలో ఆయనొక్కడే. "చెరువుకి ముగ్గులు పెడుతున్నాడు" అని అందరూ ఏడిపించేవాళ్లు. నాలుగేళ్ల తర్వాత అదే కర్ర పక్కన జానెడు దూరంలో మళ్లీ తీస్తే ఏడు గుళికలు ఉన్నాయి. ఆయన సంబరం నాకు ఇంకా గుర్తే. "ఈ నాలుగేళ్లలో పుట్టాయండీ ఇవి!" అని పరిగెత్తుకుంటూ వెళ్లి పెద్దాయనతో చెప్పాడు. పెద్దాయన అంటే మా డిపార్టుమెంటు అధిపతి. ఇవి పుట్టడానికి వేల ఏళ్లు పడుతుందని రాసి పేరు తెచ్చుకున్న మనిషి. "నాలుగేళ్లా? అంతకుముందు వేరే చెరువులో వాడిన గొట్టం కడక్కుండా ఇక్కడ దించావా, లేక పేరు కోసం నువ్వే గుచ్చావా?" అన్నాడు.

ఆ తర్వాత విచారణ జరిగింది, తొమ్మిదేళ్ల కిందట. బావ "గొట్టం కడగడం మర్చిపోయి ఉండవచ్చు" అని రాసిచ్చాడు, ఉద్యోగం పోయింది. ఇంతవరకు నీకు తెలుసు. విచారణలో ఒక సాక్షి సంతకం కూడా ఉంది. అది నాది.

నీ తొందర

బుధవారం, రంపం గదిలో

అక్కా,

సోమవారం రాసింది ఇంకా నా సంచిలోనే ఉంది. పోస్టు డబ్బా దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. సగం చెప్పి వదిలేస్తే నువ్వు మిగతా సగం నా తరఫున మంచిగా ఊహించుకుంటావు. నీకు ఆ అవకాశం ఇవ్వకూడదు.

గొట్టంలోంచి తీసిన మట్టి కడ్డీని నిలువునా తీగతో రెండు సగాలుగా చీలుస్తాం. అప్పుడు బురద పూసుకుపోయి పొరలు కనిపించవు. ఒక సగాన్ని ఆరబెట్టి రంపంతో కోసి చూస్తాం. రెండో సగానికి ఆరాక మైనం పూసి ఎవరూ ముట్టకుండా స్టోర్లో పెడతాం. రంపం వేడెక్కకుండా మామూలు రాళ్లకి నీళ్లు పోస్తాం. ఉప్పు మట్టికి మాత్రం కిరసనాయిలే పోయాలి. ఆ రేణువులని పట్టి ఉంచేది ఉప్పు కదా, నీళ్లు తగిలితే ఉప్పు కరిగి మట్టి కూలిపోతుంది. ఈ గది గోడ మీద "ఉప్పు పెట్టెలకు నీళ్లు తగలనీయకు" అని ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు ఉంటాయి. రాసింది బావే. నన్ను ఈ రంపం ముందు కూర్చోబెట్టి పని నేర్పింది కూడా బావే. ఆ గుళికలు దొరికేనాటికి నేను చేరి ఐదు నెలలు.

ఆ రోజు పెద్దాయన "భోజనాల లోపు ఆ గుళికలు నా బల్ల మీద ఉండాలి" అన్నాడు. కిరసనాయిలు డబ్బా ఊపి చూస్తే ఖాళీ. తెప్పించాలంటే మర్నాటి దాకా ఆగాలి. నా సంగతి నీకు తెలుసు కదా, చెప్పులు వేసుకునేలోపు వీధి చివర ఉండే రకాన్ని. కొంచెం తడి తగిలితే ఏమవుతుందిలే అనుకున్నాను. కొళాయి సన్నగా తిప్పి కోసేశాను. నిమిషంలో మట్టి మెత్తబడి గుళికలు చుట్టూ ఖాళీ పడి వదులైపోయాయి. చేత్తో తాకితే టపటపా రాలాయి. పళ్లెంలో పిడికెడు తెల్ల ఇసుక పోగైంది. ఎక్కడిదా అని కూడా అనుకోలేదు. చీపురు పట్టి ఊడ్చేసి, గుడ్డతో బల్ల తుడిచి, రాలిన గుళికలు చిన్న గిన్నెలో వేసుకుని పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

ఆయన వాటిని దొర్లించి చూశాడు. "మట్టికి అంటుకునే లేవు చూశావా? ఇవి అక్కడ పుట్టినవి కావు" అన్నాడు. మూడు రోజుల తర్వాత కాగితం మీద రెండు ప్రశ్నలు ఇచ్చారు. గుళికలు వదులుగా ఉన్నాయా? ఉన్నాయి అని రాశాను. అది నిజమే. నియమం ప్రకారం కోశారా? అవును అని రాశాను.

ఆ ఒక్క మాటే అక్కా. మూడక్షరాలు. నా ఉద్యోగం ఎక్కడ ఊడుతుందోనని రాశాను. ఇంతకన్నా గొప్ప కారణం ఏదైనా ఉందేమోనని తొమ్మిదేళ్లు వెతికాను, దొరకలేదు. బావని తీసేస్తారని అనుకోలేదు, మందలించి వదిలేస్తారనుకున్నాను. తీసేశాక నోరు పెగల్లేదు. ఆయన ఖాళీ చేసిన బల్ల సొరుగు నాకే ఇచ్చారు. "కిరసనాయిలు అయిపోతే చెప్పవే, దాచుకోకు" అన్నాడు వెళ్తూ వెళ్తూ. నేను నీళ్లు వాడానని తెలిసి అన్నాడో, మామూలుగా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన "మర్చిపోయి ఉండవచ్చు" అని రాసిచ్చాడని విన్నప్పుడు, తెలివిగా తప్పుకున్నాడులే, మోసం అన్న మచ్చ తప్పింది అని నా మనసుకి నేనే సర్దిచెప్పుకున్నాను. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన నా ముందు గ్లాసు కడిగి నీళ్లు పెడుతుంటే తల ఎత్తేదాన్ని కాదు.

ఇంకొక మాట కూడా రాసేస్తాను, దీనికి నువ్వు నన్ను కొట్టినా పడతాను. మైనం పూసిన ఆ రెండో సగం స్టోర్లో ఉందని నాకు తొమ్మిదేళ్లుగా తెలుసు. ఏ రోజైనా తీసి కోసి ఉండవచ్చు. కోయలేదు. కోస్తే పొరలు గుళికల లోపలి నుంచి సాఫీగా పోతాయేమో, అప్పుడు నా బతుకు ఏమిటి అని భయం. ఒక్కోసారి, బావ నిజంగానే దొంగపని చేసి ఉంటే బాగుండు అనుకునేదాన్ని. మన బావ గురించి అలా కోరుకున్నాను. శుక్రవారం ఆ పెట్టె లారీ ఎక్కితే ఇక ఎవరికీ ఏమీ తెలియదు, నాకు కూడా. జాబితా చూడగానే ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయి చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. అందుకే ఈ ఉత్తరం.

ఇవాళే వెళ్లి కిరసనాయిలు డబ్బా నింపుకొచ్చాను.

నీ తొందర

శుక్రవారం, సాయంత్రం

అక్కా,

చేతికి కిరసనాయిలు ఇంకా పోలేదు, కాగితానికి మరకలుంటే ఏమనుకోకు.

పొద్దున తొమ్మిదికి వస్తుందన్న లారీ ఎనిమిదికే వచ్చింది. నేను వెళ్లేసరికి స్టోరు బోడిగా ఉంది. స్టోరు చూసే ఆయన్ని మేం తాళాల బాబాయ్ అంటాం. గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"బాబాయ్, ఇరవై మూడో పెట్టె ఏది?"

"లారీలో. జాబితాలో ఉందమ్మాయ్, నా చేతుల్లో ఏం లేదు."

"తాళాలున్నాయిగా మీ చేతుల్లో!"

"తాళాలుండి ఏం చేసుకోను? తలుపులే ఊడపీకేశారు."

ఇంకొకప్పుడైతే నవ్వేదాన్ని. చీర కుచ్చిళ్లు దోపుకుని లారీ ఎక్కేశాను. డ్రైవరు "ఓయమ్మో, దిగండి!" అని అరుస్తూనే ఉన్నాడు. అన్నిటికన్నా అడుగున ఉంది అక్కా, పైన పద్నాలుగు పెట్టెలు. అడుగుది పగిలిపోయి ఉంటుందేమో అనుకుంటూనే ఒక్కొక్కటీ పక్కకి లాగాను. చివరికి బాబాయే తిట్టుకుంటూ పైకి వచ్చి సాయం పట్టాడు. "మీ బావదా?" అని ఒక్క మాట అడిగాడు. తలూపాను. ఇక ఏమీ అడగలేదు.

మైనం ఎక్కడా చిట్లలేదు. రంపం గదిలోకి తెచ్చుకుని గడియ పెట్టుకున్నాను. కిరసనాయిలు చుక్కచుక్కగా పడేలా పెట్టి కోయడం మొదలుపెట్టాను. తొందరపడలేదు అక్కా. జీవితంలో మొదటిసారి తొందరపడలేదు. అరచేతంత కోయడానికి గంటన్నర పట్టింది. మధ్యలో రంపం చప్పుడు మారింది, గుళిక తగిలిందన్నమాట. పొరలు విరిగి ఉంటే నేను బతికిపోతాను, సాఫీగా ఉంటే బావ. అప్పుడు ఏది కోరుకున్నానో నిజంగా చెప్పలేను.

కోసిన పలక తీసి, తుడిచి, భూతద్దం పెట్టి చూశాను.

గుళికకి ఎడమ పక్క బూడిదరంగు మట్టి. అందులో సన్నటి పొరలు. అవి గుళిక దగ్గరికి వచ్చి, లోపలికి వెళ్లి, వరస తప్పకుండా సాగిపోయాయి. ఒక్కటి కూడా చెదరలేదు. కుడి పక్క మట్టి లేదు, తెల్ల ఇసుక ఉంది. గుళిక కుడి సగంలో ఎర్రటి ఇనుము మధ్య ఆ తెల్ల రేణువులు బిగుసుకుపోయి ఉన్నాయి. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే నేల మీద చతికిలబడ్డాను. అది బావ పూడ్చిన ఇసుక అక్కా! గుర్తు కర్ర వాలిపోయి, రెండోసారి గొట్టం పాత గుంత అంచుని రాసుకుంటూ దిగింది. ఆ గుళిక సగం మట్టిలో, సగం బావ పోసిన ఇసుకలో పెరిగింది. ఆ ఇసుక పోసి అప్పటికి నాలుగేళ్లు. అంటే గుళిక వయసు నాలుగేళ్ల లోపే. బావ చెప్పింది అక్షరాలా నిజం. అందరూ ఏడిపించిన ఆ అలవాటే ఆయనకి సాక్ష్యం. దాన్నే నేను చీపురుతో ఊడ్చి పారేశాను.

ఎవరో తలుపు కొట్టారు, గడియ తీశాను. పెద్దాయన. లారీ డ్రైవరు ఫిర్యాదు చేశాడట.

"ఆ పెట్టె లారీలో ఉండాలి కదమ్మా?"

నేను పక్కకి జరిగి భూతద్దం ఇచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఒక చెయ్యి బల్ల మీద ఆనించుకున్నాడు, ఆ చేతి పక్కనే కొళాయి. ఒక్కసారి తిప్పితే చాలు, పలక అంతా బురదైపోతుంది. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"అప్పుడు రాలిపోయాయే?" అన్నాడు.

"నీళ్లతో కోశాను సార్. కిరసనాయిలు అయిపోయింది. మీకు అబద్ధం రాసిచ్చాను."

ఆయన నా వైపు చూడలేదు. చెయ్యి జరిగి కొళాయి మీదికి వచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఫోటో తీశావా?"

"ఇంకా లేదు సార్."

కిరసనాయిలు చుక్కలు పడుతూనే ఉన్నాయి. నేను పదకొండు దాకా లెక్కపెట్టాను. ఆయన చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తియ్యి. కొలత బద్ద పక్కన పెట్టి తియ్యి" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ రోజు భోజనాల లోపు కావాలన్నది నేను కదూ" అన్నాడు, ఎవరినీ అడగనట్టుగా.

అన్నీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారు, తర్వాత ఏమవుతుందో తెలియదు. విచారణ మళ్లీ తెరుస్తామని పెద్దాయనే రాశాడు. నా చేత ఇంకో పలక కోయించి, పెట్టె తన గదిలో పెట్టుకుని, ఆ పలక నాకిచ్చాడు, బావకి చూపించమని. పలక నా దగ్గరే ఉంది, ఫోటో దీంతో పెడుతున్నాను. బావకి నువ్వే ఇవ్వు. నాకు ఎదురుపడి ఇచ్చే మొహం లేదు. క్షమించమని అడగను. నీకు ఎంత కోపం వస్తే అంతా నా మీదే చూపించు.

నీ తొందర

గురువారం

తొందరా,

నిన్న నీ కవరు షాపుకి వచ్చింది. మిషను మీదే పెట్టుకుని మూడూ చదివాను. తర్వాత ఒకాయన చొక్కాకి రెండు చేతులూ తిరగేసి కుట్టాను, ఇప్పుడే విప్పదీసి వచ్చాను.

కోపం వచ్చిందా అంటే, వచ్చింది. నువ్వు ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకుని రెండు వాయించేదాన్ని. నా ఇంట్లో కూర్చుని నా చేతి అన్నం తిన్నావు కదే తొమ్మిదేళ్లు! తిని, చెయ్యి కడుక్కుని, "బావా వస్తా" అని ఎలా వెళ్లగలిగావే?

కానీ నీకు తెలియనిది ఒకటుంది. బావ తెలివిగా తప్పుకున్నాడు అని రాశావే, ఆ కాగితం రాయించింది నేను. ఆయన రాయనంటే రాయనన్నాడు. "కడిగాను, మూడు బకెట్ల నీళ్లు పోసి కడిగాను, నాకు బాగా గుర్తుంది" అన్నాడు. నేను వినలేదు. "మోసం చేశాడనిపించుకోవడం కన్నా మర్చిపోయాడనిపించుకోవడం నయం కదండీ. మనిషన్నాక మర్చిపోరా? మర్చిపోయే ఉంటారులెండి" అన్నాను. ఓదారుస్తున్నాననుకున్నాను. రోజూ అదే మాట అన్నాను. ఆయన నీ గురించి ఒక్కరోజు కూడా అనుమానపడలేదే. ఆయన అనుమానమంతా తన మీదే. ఏడాది తిరక్కుండానే ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగి, "నేను నిజంగా కడిగానంటావా?" అని నన్ను అడిగాడు. నేనేమన్నా చూశానా? "పోనిద్దురూ" అన్నాను. మర్నాటి నుంచి మొదలైంది ఆ గ్లాసులు కడగడం. చాదస్తం అని నీతో చెప్పి నవ్వాను నేను. నా నోరు పడిపోను.

నిన్న షాపు నుంచి రాగానే నీ ఉత్తరాలు ఆయన చేతిలో పెట్టాను. కిటికీ దగ్గర నిలబడి చదివాడు. ఫోటో చూస్తూ "కర్ర వాలింది, చూసుకోలేదు నేను" అన్నాడు. ఇన్ని చదివి ఆయనకి దొరికింది మళ్లీ తన తప్పే! నాకు ఒళ్లు మండిపోయింది. "ముందు అసలు సంగతి చూడండీ" అని అరిచాను. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి నువ్వు నీళ్లు పోసిన చోట ఆగిపోయాడు. వేలు పెట్టి ఆ వాక్యం మీద అలాగే ఉంచాడు.

"కడిగాను" అన్నాడు. "నేను కడిగానే!" అన్నాడు మళ్లీ. పెళ్లయ్యాక ఆయన కళ్లలో నీళ్లు చూడటం అదే మొదటిసారి. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను.

కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్లాడు. అలమారలోంచి గ్లాసు తీశాడు. కొళాయి తిప్పుతాడు, కడుగుతాడు, మళ్లీ కడుగుతాడు అని చూస్తూ నిలబడ్డాను. కడగలేదే. నేరుగా నీళ్లు పట్టుకుని గటగటా తాగేశాడు.

నీతో మాట్లాడతానో లేదో నాకే తెలియదు, ఇప్పుడు ఏమీ అడగకు. ఆయన మాత్రం ఒక్కటి రాయమన్నాడు. ఆ పలక నువ్వే స్వయంగా తేవాలట, పోస్టులో వేయవద్దట. ఇక్కడ వానలు మొదలయ్యాయి. నీళ్లు తగలనీయకుండా తీసుకురమ్మన్నాడు.

అక్క